రకూన్ ఫీడర్ కట్టడం: కుర్ర వేటకుక్కకు తాజా జాడ దొరికేలా

రకూన్ అంటే రాత్రిపూట తిరిగే, చెట్లెక్కే అమెరికా అడవి జంతువు. దాని వాసన జాడ పట్టి, చెట్టెక్కించి, కింద నిలబడి మొరిగే వేటకుక్క కూన్‌హౌండ్. ఎనిమిది తొమ్మిది నెలల కూన్‌హౌండ్‌ను రాత్రిపూట అడవిలో వదిలినప్పుడు దానికి కావలసింది ఒక్కటే. గంటలోపు రకూన్ నడిచి వెళ్లిన నేల. ముదురు కుక్క అయితే నాలుగు గంటల కిందటి చల్లారిన జాడను కూడా ఓపిగ్గా విప్పుకుంటూ పోతుంది. కుర్ర కుక్కకు ఆ ఓపికా ఉండదు, ఆ ముక్కూ ఇంకా తయారై ఉండదు. వరసగా నాలుగు రాత్రులు ఏమీ దొరక్కపోతే అది జింక వెంటో కుందేలు వెంటో పడుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి ఏడాది పడుతుంది. ఫీడర్, అంటే మేత పెట్టె, అవసరం ఇక్కడే. రకూన్లు రోజూ రాత్రి ఒక చోటికి నడిచి వచ్చి, కాసేపు ఉండి, మళ్లీ నడిచి వెళ్లేలా చేయడమే దాని పని.

ఇది అమెరికా పల్లెల్లో, అక్కడి చట్టాల కింద చేసే పని. మన దేశంలో అడవి రకూన్లు లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి ఇదే పద్ధతిని ఇక్కడ మరో జంతువు మీద ప్రయోగించే ఆలోచన వద్దు. అమెరికాలో భూమి కొనుక్కుని హౌండ్లు పెంచుతున్న తెలుగువాళ్లూ కర్ర తెచ్చుకునే ముందు రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు చదవాలి. అడవి జంతువులకు మేత పెట్టవచ్చా, కుక్కల శిక్షణకు ఏ నెలలు అనుమతిస్తారు, లైసెన్సు కావాలా అన్నవి రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. జింకలు చిక్కి చచ్చిపోయే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి కనపడిన కౌంటీల్లో మేత పెట్టడాన్నే నిషేధించే రాష్ట్రాలున్నాయి. నేల వేరేవాళ్లదైతే అనుమతి కాగితం మీద తీసుకోండి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతమైతే ఈ పని అసలు మొదలుపెట్టకండి. రెండో రాత్రికి ఫీడర్ ముక్కలై ఉంటుంది, ఎలుగుకు మనిషి మేత రుచి తెలిసిపోతుంది.

ఫీడర్ ఎలా ఉండాలి, ఎందుకు

నేల మీద మక్కలు చల్లితే రకూన్లు వస్తాయి, నిజమే. వాటికంటే ముందు జింకలు వస్తాయి. కుక్క ముక్కుకు ఆ చోటంతా జింక వాసనే తగులుతుంది. కాబట్టి జింక నోటికి అందకుండా, రకూన్ చేతికి మాత్రమే అందేలా గింజ ఉండాలి. రకూన్ ముంగాలు దాదాపు మనిషి చేయి లాంటిది. చీకట్లో, కళ్లు ఎటో పెట్టి, గొట్టంలోకి చేయి దూర్చి ఒక్కో గింజా తడిమి తీసుకోగలదు. జింక మూతి 2 అంగుళాల గొట్టంలో పట్టదు. పంది కూడా అంతే.

రెండో లాభం కూడా ఇందులోనే ఉంది. గింజలు పిడికెడు పిడికెడు మాత్రమే వస్తాయి కాబట్టి రకూన్ అక్కడ ఎక్కువసేపు గడుపుతుంది, దిగుతూ ఎక్కుతూ చుట్టూ తిరుగుతుంది, నేలంతా దాని వాసన పట్టేస్తుంది. మేత కూడా వారం పది రోజులు వస్తుంది.

55 గ్యాలన్ల డ్రమ్ముతో కట్టేవాళ్లూ ఉన్నారు. అందులో సుమారు 330 పౌండ్ల మక్కలు పడతాయి. అంత బరువుకు ఒక గుంజ చాలదు. అన్ని మక్కలూ అయిపోయేలోపు అడుగున బూజు పడుతుంది. పెద్ద రంధ్రం పెడితే పిల్ల రకూన్ లోపలికి జారి బయటికి రాలేక చస్తుంది. కొందరు 4 అంగుళాల పీవీసీ గొట్టానికి వంకర ముక్క తగిలించి చెట్టుకు కడతారు. చవక, గంటలో అయిపోతుంది. కానీ 4 అంగుళాల నోట్లో పిల్ల రకూన్ తల ఇరుక్కుంటుంది. శిక్షణకు 5 గ్యాలన్ల బకెట్, దానికి 2 అంగుళాల చేతి గొట్టాలు రెండు ఉంటే సరిపోతుంది. దీన్నే వివరంగా చూద్దాం.

కావలసినవి

మూత తిప్పి బిగించే 5 గ్యాలన్ల బకెట్, ఆహారానికి వాడే రకం. మందు, నూనె, రంగు ఉన్న బకెట్ ఎంత కడిగినా పనికిరాదు. 10 అడుగుల పొడవు, 4×4 అంగుళాల ట్రీటెడ్ (పుచ్చిపోకుండా మందు పట్టించిన) గుంజ ఒకటి. అర అంగుళం మందం ప్లైవుడ్, 2×4 అడుగుల ముక్క ఒకటి. దీన్ని సగానికి కోస్తే 24 అంగుళాల చదరాలు రెండు వస్తాయి. ఒకటి కింద తట్టుకు, ఒకటి పైకప్పుకు. 8 అడుగుల పొడవు, 2×4 అంగుళాల కర్రలు రెండు, గుంజకు బిగించే చేతులకు, ఊతాలకు, పై అడ్డకర్రకు. 2 అంగుళాల షెడ్యూల్ 40 పీవీసీ గొట్టం 2 అడుగులు, 45 డిగ్రీల ఎల్బోలు (వంపు ముక్కలు) రెండు, రెండు గొట్టాలను కలిపే కప్లింగ్ ఒకటి, పీవీసీ జిగురు. కప్పుకు కీళ్లు (హింజెస్) రెండు, తలుపు మేకు లాంటి కొక్కెం కాకుండా నొక్కితే తెరుచుకునే కారబైనర్ ఒకటి, చిన్న గొలుసు ముక్క. 1×2 అంగుళాల పట్టీ 2 అడుగులు, తట్టు అంచుకు మరో 8 అడుగులు. బయట వానకు తుప్పు పట్టని స్క్రూలు, వెడల్పు వాషర్లు. పనిముట్లలో తప్పనిసరిగా ఉండాల్సింది 2⅜ అంగుళాల హోల్ సా, అంటే గుండ్రటి రంధ్రం కోసే రంపం. 2 అంగుళాల గొట్టం అని పిలుస్తాం గానీ దాని బయటి కొలత 2⅜. 2 అంగుళాల సా కొనుక్కొచ్చి గొట్టం పట్టక రంధ్రాన్ని కత్తితో చెక్కడం చాలామంది చేసే పొరపాటు. చెక్కిన రంధ్రంలో గొట్టం వదులుగా ఊగుతుంది, ఆ సందులోంచి గింజ కారుతుంది.

చేతి గొట్టాలు

మొత్తం ఫీడర్‌లో తెలివి కావలసిన భాగం ఇదొక్కటే.

బకెట్ అడుగు నుంచి 1¾ అంగుళాల ఎత్తులో రెండు గుర్తులు పెట్టండి. రెంటి మధ్య బకెట్ చుట్టుకొలతలో మూడో వంతు దూరం ఉండాలి. గుంజ వెనక ఉంటుంది కనుక గొట్టాలు ముందు ఎడమకూ ముందు కుడికీ చూడాలి. ఒకే గొట్టం పెడితే బలమైన మగది ఒక్కటే ఆక్రమించుకుంటుంది, మిగతావి రావడం మానేస్తాయి. హోల్ సాను నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి పళ్లకు చుట్టుకుంటుంది.

గొట్టం నుంచి 3 అంగుళాల ముక్కలు రెండు, 2½ అంగుళాల ముక్కలు రెండు కోయండి. కప్లింగ్‌ను అడ్డంగా సగానికి కోస్తే రెండు ఉంగరాలవుతాయి. ఒక్కో 3 అంగుళాల ముక్కను రంధ్రంలో దూర్చి, లోపలి వైపు ఉంగరం, బయటి వైపు ఎల్బో ఎక్కించండి. బకెట్ గోడ ఆ రెంటి మధ్య గట్టిగా నలిగేలా ఉండాలి. ముందు జిగురు లేకుండా అమర్చి చూసుకోండి. రెండు వైపులా గొట్టం పూర్తిగా దిగినా గోడ దగ్గర సందు మిగిలితే ముక్కను ఆ మేరకు పొట్టి చేయాలి. పీవీసీ జిగురు బకెట్ ప్లాస్టిక్‌కు అంటదు. పీవీసీకి పీవీసీ మాత్రమే అంటుతుంది. అందుకే గోడను ఇలా బిగించి పట్టడం. స్క్రూ వేసి బిగించాలనిపిస్తుంది, వేయకండి. స్క్రూ మొన లోపలికి పొడుచుకొస్తే రకూన్ అరచెయ్యి చీరుకుంటుంది. మళ్లీ ఆ ఫీడర్ దగ్గరికి రాదు.

ఎల్బో నోరు పైకి చూడాలి. అందులో 2½ అంగుళాల ముక్క ఎక్కించండి. నోటి నుంచి మెలిక దాకా సుమారు 4 అంగుళాలు వస్తుంది. రకూన్ చేయి అంత లోతు హాయిగా అందుకుంటుంది. ఇంకో రెండంగుళాలు పెంచితే చిన్నవాటికి అందదు. నోరు పైకి ఎందుకంటే, గొట్టం అడ్డంగా ఉంటే కుదుపుకు గింజ కారిపోతుంది, కిందికి ఉంటే బకెట్ మొత్తం ఒక్క రాత్రిలో ఖాళీ. పైకి వంచిన గొట్టంలో గింజ మెలిక దగ్గరే ఆగి, తీసినంత మేర వెనకనుంచి జారి నిండుతుంది. గొట్టం నోటి అంచును గరుకు కాగితంతో లోపలా బయటా గుండ్రంగా రుద్దండి. మీ వేలు చుట్టూ తిప్పితే ఎక్కడా గీరుకోకూడదు.

పైకి తెరుచుకున్న నోట్లో వాన పడుతుంది కదా. దానికి రెండు ఏర్పాట్లు. పైన 24 అంగుళాల కప్పు, కింద ఎల్బో అడుగున 3/16 అంగుళాల చిల్లు. బకెట్ అడుగునా అలాంటివే అయిదారు చిల్లులు వేయండి. ఆ చిల్లులోంచి మక్క గింజ జారదు, నీళ్లు మాత్రం పోతాయి. జిగురు వేశాక కనీసం రెండు రోజులు ఎండనివ్వండి. ఆ వాసన ఉన్నన్నాళ్లూ రకూన్ అనుమానంగానే ఉంటుంది.

గుంజ, తట్టు, కప్పు

గుంజను 30 అంగుళాల లోతు పాతండి. పైన ఏడున్నర అడుగులు మిగులుతుంది. నేల నుంచి 6 అడుగుల ఎత్తులో గుంజకు రెండు పక్కలా 24 అంగుళాల 2×4 చేతులు బిగించి, కింద నుంచి ఏటవాలుగా ఊతాలు పెట్టండి. ఊతాలు అనవసరం అనుకోవద్దు. నిండు బకెట్ 25 నుంచి 30 పౌండ్లు. దాని మీదికి మూడు పెద్ద రకూన్లు ఎక్కితే ఇంకో 50, 60 పౌండ్లు.

చేతుల మీద ప్లైవుడ్ తట్టు, చుట్టూ 1×2 పట్టీతో అంచు, అక్కడక్కడా 3/16 చిల్లులు. రకూన్ జార్చుకున్న గింజలు నేల మీద పడకుండా ఈ తట్టులో ఆగుతాయి, తర్వాత అదే ఏరుకుంటుంది. 6 అడుగుల ఎత్తు నాలుగు కాళ్ల మీద నిలబడ్డ జింక నాలుకకు అందదు. తట్టు మీద రెండు 1×2 పట్టీ ముక్కలు వేసి వాటి మీద బకెట్ నిలబెట్టండి. అడుగు చిల్లులు మూసుకుపోకుండా ఉంటాయి. బకెట్ వీపును వెడల్పు వాషర్లు వేసి రెండు స్క్రూలతో గుంజకు బిగించండి. ఒకటి పైన, ఒకటి మధ్యలో.

గుంజ తల మీద 2×4 అడ్డకర్ర కొట్టి, దానికి కీళ్లతో కప్పు ప్లైవుడ్ తగిలించండి. ముందు వైపు అది బకెట్ మూత మీద ఆనుతుంది, సహజంగానే ముందుకు వాలు వస్తుంది, నీళ్లు జారిపోతాయి. ముందు అంచును గొలుసుతో తట్టుకు కట్టి కారబైనర్ వేయండి. మామూలు కొక్కెం, గడియ రకూన్‌కు ఒక్క రాత్రి పని. మూత కూడా సగం తిప్పి వదిలేయకుండా చివరి దాకా బిగించాలి.

ఉడతలు పగలు వచ్చి కొంత తింటాయి. వాటిని పూర్తిగా ఆపలేరు. కొమ్మలకు పది అడుగుల దూరంలో పాతితే కొంత తగ్గుతుంది.

మేత

20 పౌండ్ల పొడి మక్క గింజలకు 5 పౌండ్ల చేప వాసన ఉన్న చవక రకం పిల్లి మేత కలిపితే బకెట్ సరిగ్గా నిండుతుంది. వాసన మేత నుంచి, కడుపు నిండడం మక్క నుంచి. బెల్లంపాకం లాంటి మొలాసిస్, తీపి దాణా బకెట్‌లో పోయకండి. రెండు రోజుల్లో గింజలు ముద్ద కట్టి గొట్టం పూడిపోతుంది. మొదటి వారం రకూన్లను రప్పించడానికి గుంజ మీద మనిషి ఛాతీ ఎత్తున నాలుగైదు చుక్కల సోంపు నూనె గానీ చేప నూనె గానీ రాస్తే చాలు.

బేకరీలో మిగిలిన రొట్టెలు, డోనట్లు ఉచితంగా దొరుకుతాయని తెచ్చి పోసేవాళ్లున్నారు. వాటిలో చాక్లెట్, ఎండుద్రాక్ష ఉంటాయి. రెండూ కుక్కకు విషం. చక్కెర బదులు జైలిటాల్ వేసిన వేరుశనగ ముద్ద కూడా అంతే. జాడ వెతుకుతూ వచ్చిన కుక్క కింద పడ్డ ముక్కను మింగకుండా ఉండదు.

బూజు మక్కల సంగతి మరీ గట్టిగా చెప్పాలి. తడిసిన మక్కల్లో పెరిగే ఆస్పర్జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది రకూన్‌కూ, కింద ఏరుకునే టర్కీ కోళ్లకూ, కుక్కకూ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చేతిలోకి తీసుకుంటే గింజ గలగలమనాలి. ముక్కిన వాసన వచ్చినా, వేళ్లకు పచ్చని పొడి అంటినా ఆ బస్తా మొత్తం పారేయండి. ఎండాకాలంలో పది రోజులకోసారి బకెట్ ఖాళీ చేసి, అడుగున మిగిలిన అర అంగుళం గింజను దులిపి, ఎండబెట్టి మళ్లీ నింపండి. పాత గింజ మీద కొత్త గింజ పోయకండి.

ఎక్కడ పాతాలి

చాలామంది అడవి నడిమధ్యలో, మంచి తొర్రలున్న పెద్ద చెట్టుకే ఫీడర్ కట్టేస్తారు. రకూన్లు దండిగా వస్తాయి, కెమెరాలో బొమ్మలు బాగా పడతాయి, కుక్క మాత్రం ఏమీ నేర్చుకోదు. రకూన్ కొమ్మల మీదుగానే వచ్చి తిని కొమ్మల మీదుగానే పోతుంది. నేల మీద జాడే ఉండదు. కుక్క అలికిడికి నాలుగు గంతుల్లో తొర్రలోకి దూరుతుంది. కుర్ర కుక్క చెట్టు కింద నిలబడి మొరిగితే, పైన రకూన్ ఉందో లేదో మీరూ చూడలేరు, అదీ చూడలేదు.

అందుకే ఫీడర్‌ను చెట్టుకు కాకుండా గుంజకు కట్టేది. వాగు పక్కన, చెట్ల అంచు నుంచి 60 నుంచి 100 గజాలు బయటికి, గడ్డి నేలలో పాతండి. రకూన్ వాగు వెంట వచ్చి, ఆ దూరం నేల మీద నడిచి, తిని, మళ్లీ నడిచే పోవాలి. ఆ వంద గజాల జాడే మీ కుక్కకు బడి. దగ్గర్లో మధ్యరకం చెట్లు, తొర్రలు లేనివి, ఎక్కువగా ఉన్న వైపు ఎంచుకోండి. రకూన్ అలాంటి చెట్టెక్కితే లైటు వేయగానే కళ్లు మెరుస్తాయి.

వాహనాలు తిరిగే రోడ్డు కనీసం అర మైలు దూరంలో ఉండాలి. జాడ మీద ఉన్న హౌండ్ రోడ్డును చూడదు. పొరుగువారి కోళ్ల గూడు, మక్క చేను దగ్గర అసలు వద్దు. రెండు మూడు ఫీడర్లు పెట్టే వీలుంటే ఒక్కోదానికీ మధ్య పావు మైలైనా వదలండి. ఒకే చోట పది రకూన్లకంటే మూడు చోట్ల మూడేసి ఉండడం కుక్కకూ మేలు, రకూన్లకూ మేలు. గుమిగూడిన చోట డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఒకదాని నుంచి ఇంకోదానికి వేగంగా పాకుతుంది. మత్తుగా, పగటిపూట, మనిషిని చూసినా కదలకుండా ఉన్న రకూన్ కనిపిస్తే ఆ ఫీడర్ దించేసి వన్యప్రాణి శాఖకు చెప్పండి, కుక్కలను అటు తీసుకెళ్లకండి.

కుక్కకు రేబీస్, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరా టీకాలు పూర్తయ్యాకే ఈ పని. రకూన్లు ఒకే చోట మలం వేసే అలవాటున్నవి. అందులో బేలిసాస్కారిస్ అనే నులిపురుగు గుడ్లు ఉండవచ్చు. అవి రెండు నుంచి నాలుగు వారాల్లో అంటుకునే దశకు వస్తాయి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, మనిషి మెదడుకు కూడా ప్రమాదం. తట్టు మీద మలం కనిపిస్తే గ్లవ్స్ వేసుకుని వెంటనే తీసి, మరిగే నీళ్లు పోయండి. బ్లీచ్‌కు అవి చావవు. పిల్లలను ఫీడర్ దగ్గర ఆడనివ్వకండి. కుక్కకు నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వేయాలో పశువైద్యుడితో మాట్లాడి రాసుకోండి.

కుక్కను ఎప్పుడు, ఎలా వదలాలి

గుంజ పాతిన మొదటి రెండు మూడు వారాలు కుక్క ఊసే వద్దు. తొలి రోజుల్లో తట్టు మీద రెండు పిడికిళ్ల మేత పరిచి ఉంచండి. రకూన్ దాన్ని తిని, వాసన వెంట గొట్టం దొరకబుచ్చుకుంటుంది. ట్రెయిల్ కెమెరాను (జంతువు కదలగానే తనే ఫొటో తీసేది) పది పన్నెండు అడుగుల దూరంలో పెట్టి ఏ గంటకు వస్తున్నాయో రాసుకోండి. వరసగా వారం రోజులు ఇంచుమించు ఒకే వేళకు వస్తుంటే ఫీడర్ నిలదొక్కుకున్నట్టు.

ఆ వేళ దాటాక అరగంట నుంచి గంటలోపు వెళ్లండి. కుక్కను ఫీడర్ దగ్గరికి గొలుసుతో నడిపించకండి. 150 గజాల దూరంలో, గాలి ఫీడర్ నుంచి మీ వైపు వీచే చోట వదిలి, మీరు కదలకుండా నిలబడండి. కుక్క తానే పసిగట్టాలి. ప్రతిసారీ వేరే దిక్కు నుంచి రండి. కుదిరితే నెమ్మదైన ముదురు కుక్కను తోడు పంపండి. రెండు మూడు రాత్రుల తర్వాత కుర్రదాన్ని ఒంటరిగా పంపాలి, లేకపోతే ముదురుదాని తోక చూసుకుంటూ తిరగడమే నేర్చుకుంటుంది.

చెట్టు కింద మొరుగుతుంటే వెళ్లి కట్టేసి, పైకి లైటు వేయండి. రకూన్ కనిపిస్తే కుక్క మెడ నిమిరి, అయిదు నిమిషాలు మొరగనిచ్చి తీసుకొచ్చేయండి. కనిపించకపోతే మెచ్చుకోకుండా, తిట్టకుండా, మౌనంగా తీసుకెళ్లండి. ఖాళీ చెట్టు కింద మెచ్చుకున్న ఒక్క రాత్రి చాలు, అది ఖాళీ చెట్లన్నిటికీ మొరగడం మొదలుపెడుతుంది. ఫీడర్ దగ్గర రకూన్‌ను ఎప్పుడూ కాల్చకండి. శిక్షణ నెలల్లో అది చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం. సీజన్‌లోనైనా మీ బడిని మీరే కూల్చుకోవడం అవుతుంది.

ఒక ఫీడర్ మీద అయిదు రాత్రులకోసారి కంటే ఎక్కువ వదలకండి. ఎక్కువైతే రకూన్లు రాకను తెల్లవారుజాముకు మార్చుకుంటాయి, కెమెరాలో మీకే కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తల్లులు పిల్లలను పెడతాయి. అప్పుడు ఫీడర్ ఖాళీగా ఉంచి, కుక్కలను దూరంగా ఉంచండి.

కుక్క వదలగానే ముక్కు దించకుండా నేరుగా గుంజ దగ్గరికి పరుగెత్తి, గుంజకే మొరిగిందంటే ఫీడర్ పని ఎక్కువైంది. అది జాడ పట్టడం లేదు, చోటు గుర్తుపెట్టుకుంది. ఆ రాత్రి నుంచే నెల రోజులు ఫీడర్ లేని అడవిలోకి తీసుకెళ్లండి. జాడను వెనక్కి, అంటే రకూన్ వచ్చిన దారిన పోతుంటే, అక్కడ రకూన్లు మరీ ఎక్కువై దారులన్నీ కలగాపులగమయ్యాయని అర్థం. ఒక గొట్టానికి మూత వేసి మేత సగానికి తగ్గించండి. ఎక్కడా తప్పు కనిపించకపోయినా, అయిదారు మంచి రాత్రుల తర్వాత ఫీడర్ మీద ఒక రాత్రి, మామూలు అడవిలో రెండు రాత్రుల చొప్పున మార్చండి. అడవిలో తనంతట తాను జాడ పట్టి రకూన్‌ను చెట్టెక్కించిన వారం నుంచి ఆ కుక్కకు ఫీడర్ అక్కర్లేదు. బకెట్ విప్పి, కడిగి, ఎండబెట్టి తర్వాతి ఈత పిల్లలకు దాచండి.